నాలుగో గడి

ఆ వానాకాలం పన్నెండు వారాల్లో నేను పన్నెండు సంభాషణలు రాసివ్వాలి. వాటిలో పదకొండూ వార్డులో జరిగినవే రాశాను. పన్నెండోది మా వంటింట్లో జరిగింది. అది ఇప్పటికీ నా బీరువాలో, బట్టల అడుగున, నాలుగు మడతలు పెట్టి ఉంది.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. సర్జికల్ వార్డులో పదకొండేళ్ళు కట్లు కట్టి, కుట్లు విప్పి, ఇక చాలనుకుని మానసిక రోగుల నర్సింగ్‌లో పీజీకి చేరాను. మా అత్తయ్యకి అదొక వేడుక అయిపోయింది. "ఈ వయసులో బడిసంచి తగిలించుకుంది మా కోడలు. రేపో మాపో పలక కూడా కొనిమ్మంటుంది," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది. మా ఆయన మాత్రం నా పుస్తకాలన్నిటికీ బ్రౌన్ పేపరు అట్టలు వేసి, లేబుళ్ళు అంటించి, తన గుండ్రటి చేతిరాతతో పేర్లు రాసిపెట్టారు. ఆయన బస్సు డ్రైవరు. రోజూ ట్రిప్ షీట్లు రాసీ రాసీ ఆ చేతిరాత అచ్చులా ఉండేది.

సంభాషణలు రాయడమంటే ఊరికే రాయడం కాదు. పేషెంటు ముందు కాగితం తీయకూడదు, పెన్ను తీయకూడదు. కూర్చుని మాట్లాడాలి. లేచి వచ్చిన గంటలోపు, మాట పొల్లుపోకుండా, జ్ఞాపకం మీద రాయాలి. పేజీని నిలువుగా నాలుగు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో పేషెంటు ఏమన్నాడో. రెండో గడిలో నేనేమన్నానో. మూడో గడిలో ఆ క్షణంలో నాకేమనిపించిందో. మధ్యలో ఎవరూ మాట్లాడకపోతే మౌనం అని రాసి, ఎంతసేపో కూడా రాయాలి. అందుకే మాకందరికీ యూనిఫారం మీద చిన్న గడియారం పిన్ను పెట్టి ఉండేది. నాలుగో గడి మాత్రం మాది కాదు. దాని పేరు 'ఏమని ఉండాల్సింది'. అది మేడమ్ నింపుతారు, పెన్సిల్‌తో.

మా బ్యాచ్ అంతా ఆవిడని పెన్సిల్ మేడమ్ అనేవాళ్ళం. బక్కపలచటి మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడిన వయసు, ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని ఉండేవారు. ఎన్నడూ గొంతు పెంచేవారు కాదు. ఆవిడ ఒక్కసారి అరిస్తే బాగుండునని మేమంతా మొక్కుకునేవాళ్ళం.

మొదటి వారం నాకిచ్చిన పేషెంటు కిటికీ తాతగారు. మగవాళ్ళ వార్డులో చివరి మంచం, జాలీ కొట్టిన కిటికీ పక్కన. మాట్లాడుతూ మాట్లాడుతూ, "మా ఆవిడ రోజూ ఇక్కడికొచ్చి నిలబడుతోందమ్మా. తలుపు తీయమంటే మీరెవరూ తీయరు," అన్నాడు. ఆ భార్య చనిపోయి నాలుగేళ్ళయిందని కేసు షీట్‌లో ఉంది. నేను, "బాధపడకండి తాతగారూ, అన్నీ సర్దుకుంటాయి," అన్నాను. మూడో గడిలో 'ఏమీ అనిపించలేదు' అని రాశాను. రెండు రోజులకి కాగితం తిరిగొచ్చింది. నాలుగో గడిలో రెండే మాటలున్నాయి. 'ఓదార్చావు. వినలేదు.'

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా ఆవిడ గదికి వెళ్ళాను.

"ఓదార్చడం తప్పా మేడమ్?"

"నువ్వు ఓదార్చింది ఎవర్ని?"

"తాతగారిని."

"ఆయన ఆ మాటంటే నీకు భయమేసింది. నోరు మూయించావు. ఓదార్పు నీకు, ఆయనకి కాదు." మళ్ళీ తన కాగితాల్లోకి తలొంచుకుని, "మూడో గడి ఖాళీగా పెట్టకు. ఏమీ అనిపించకపోవడం శవాలకే కుదురుతుంది," అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాటే ఎగిరెగిరి చెప్పాను. అత్తయ్య పడీపడీ నవ్వింది. మా ఆయన నవ్వలేదు. "అంత బాగా వినేవాళ్ళుంటారన్నమాట," అన్నారు.

అంతకు నెల ముందు, ఎండలు ముగిసి తొలి వాన పడ్డ రోజున, పాత మిల్లు మలుపులో ఆయన బస్సు కింద ఒక ముసలామె పడి చనిపోయింది. ఎంక్వైరీ మూడు వారాలు నడిచింది. స్పీడు సరిగానే ఉంది, బ్రేకు కొట్టాడు, రోడ్డు తడిగా ఉంది, డ్రైవరు తప్పు లేదు అని తేల్చారు. మళ్ళీ అదే రూటు ఇచ్చారు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. గండం గడిచిందని అత్తయ్య ఇరుగుపొరుగుకి మిఠాయి పంచబోతే ఆయనే వద్దన్నారు.

తర్వాత ఒకరోజు కండక్టరు ఇంటి ముందు ఆగి, గుమ్మంలోంచే, "వదినా, అన్నకి కొంచెం చెప్పు. ఆ మలుపు రాగానే బ్రేకు తొక్కేస్తున్నాడు. రోడ్డు మీద ఈగ కూడా ఉండదు. వెనకాల జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నన్ను తిడుతున్నారు," అన్నాడు. ఆ మాట ఆయనతో అంటే, "అలవాటైపోయిందే. మానేస్తాలే," అన్నారు. ఆ మాటతో నేనూ వదిలేశాను. నాకు చదువుకోవాల్సింది బోలెడుంది.

నాలుగో వారంలో మాకొక పాఠం జరిగింది. ప్రాణం తీసుకోవాలనుకునే మనిషిని ఎలా గుర్తుపట్టాలి అని. బాధ్యతలు ఒకరికి అప్పజెప్పేస్తారు. ఇష్టమైన వస్తువులు ఇచ్చేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, అన్నాళ్ళూ కుమిలిపోయిన మనిషి ఉన్నట్టుండి తేలిక పడితే సంతోషించవద్దు, నిర్ణయం అయిపోయిందేమోనని చూడండి, అన్నారు మేడమ్. అనుమానం వస్తే డొంకతిరుగుడు వద్దు, సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అని మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టారు. నా ఎదురుగా మా బ్యాచ్‌లో అందరికంటే చిన్నది, బుజ్జి.

"మీకు చచ్చిపోవాలని ఉందా?" అని అడిగాను.

"నీతో పాటు రోజూ మెస్సులో తింటుంటే ఎవరికి ఉండదక్కా?" అని అది కిసుక్కుమంది.

మేడమ్ మా ఇద్దరి చేతా ఇరవై సార్లు అడిగించారు. పదిహేనోసారికి నవ్వు పోయింది. ఇరవయ్యోసారికి గొంతు వణకడం కూడా పోయింది. ఆ వారం పరీక్షలో నాకు ఇరవైకి ఇరవై వచ్చాయి.

వానలు ఆ ఏడు విడవకుండా పట్టుకున్నాయి. వార్డులో బట్టలారక ముక్కిన వాసన. భోజనాలవగానే చెంచాలు లెక్కపెట్టి తీసుకోవడం, నడుముకి వేలాడే తాళాలగుత్తి, గొళ్ళెం వేసిన ప్రతి తలుపూ ఒకసారి లాగి చూసుకోవడం, ఇవన్నీ నాకు పట్టుబడ్డాయి. వినడమే పట్టుబడలేదు. వారానికొక కాగితం వెళ్ళేది, వారానికొక కాగితం తిరిగొచ్చేది. 'ఓదార్చావు.' 'మాట మార్చావు.' 'సలహా ఇచ్చావు, అడిగాడా?' నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పదకొండో వారంలో ఒక బుధవారం తాతగారు ఎప్పటిలాగే, "వచ్చింది, అదిగో," అన్నాడు. నాకెందుకో ఆ రోజు ఏ మాటా తోచలేదు. కిటికీ వైపు తిరిగి నేనూ చూశాను. కాసేపయ్యాక, "ఎలా ఉన్నారు ఆవిడ?" అని అడిగాను.

తాతగారు నా మొహంలోకి చూశాడు. ఆ పదకొండు వారాల్లో నా మొహంలోకి చూడటం అదే మొదలు. "తడిసిపోయిందమ్మా," అన్నాడు. "ఆ రోజు కూడా తడిసే ఉంది. గొళ్ళెం తీసి ఉంటే లోపలికొచ్చేది. నేను తీయలేదు. కోపంలో ఉన్నాను." ఏడు నిమిషాలు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మూడో గడిలో 'గుండె బరువెక్కింది. వీపు మీద ఎవరో నిలబడినట్టుంది' అని రాశాను. ఆ కాగితం మర్నాడే తిరిగొచ్చింది. 'ఇవాళ విన్నావు' అని ఉంది. సంతోషం పట్టలేక దాన్ని ఇంటికి తెచ్చి అత్తయ్యకి చూపించాను, మా ఆయనకి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుగు గడులూ చదివి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

ఆ శుక్రవారం తాతగారి కొడుకు చెప్పాపెట్టకుండా వచ్చి ఆయన్ని ఇంటికి తీసుకుపోయాడు. కొత్తగా నాకిచ్చిన పేషెంటు గోడ వైపు తిరిగి పడుకుని పలకనే లేదు. సోమవారం పది గంటలకి పన్నెండో సంభాషణ ఇవ్వకపోతే పోస్టింగు పూర్తయినట్టు సంతకం పెట్టరు. ఆదివారం సాయంత్రం దాకా నా చేతిలో ఖాళీ గడులే ఉన్నాయి.

ఆ సాయంత్రం నేను వంటింట్లో కూర తరుగుతున్నాను. కుక్కర్ పొయ్యి మీద ఉంది. బయట సన్నగా వాన. మా ఆయన వచ్చి గుమ్మం దగ్గర పీట వాల్చుకుని కూర్చుని, వెల్లుల్లి గిన్నె ముందుకి లాక్కుని ఒలవడం మొదలుపెట్టారు. అడక్కుండా ఆయన వంటింట్లో పని అందుకుని చాలా రోజులైంది.

"ఆమె చెయ్యెత్తింది," అన్నారు.

"ఎవరు?"

"ఆ ముసలామె. నన్ను చూసి చెయ్యెత్తింది. బస్సెక్కడానికి ఆపమంటోంది అనుకున్నా. అక్కడ స్టాపు లేదు కదా. ఎక్కడ పడితే అక్కడ చెయ్యెత్తుతారు జనం. ఈవిడొకతి అనుకుని స్పీడు తగ్గించలేదు. దాటుతోందనుకోలేదు."

కుక్కర్ కూసింది.

"ఇది ఎంక్వైరీలో చెప్పారా?"

"వాళ్ళు అడగలేదు. స్పీడెంత, బ్రేకు ఎక్కడ కొట్టావు, ఇవే అడిగారు. ఏమనుకున్నావని ఎవడూ అడగలేదు."

"తప్పు లేదని వాళ్ళే రాసిచ్చారు కదండీ. ఇంకా ఎందుకు తవ్వుకుంటారు? వదిలెయ్యండి."

ఆయన మాట్లాడలేదు. రెండో విజిలూ వచ్చింది, మూడోదీ వచ్చింది.

"వదిలేశాలే," అన్నారు. "ఈ మధ్య తేలిగ్గానే ఉంది. నిన్నటి నుంచి మరీ తేలిగ్గా ఉంది."

"హమ్మయ్య."

"అమ్మకి నీళ్ళ మోటారు వెయ్యడం నేర్పాను. ఇవాళ తనే వేసి, తనే ఆపింది."

"మంచి పని చేశారు. నన్ను పిలవకుండా ఉంటుంది."

"వానకోటు కండక్టరుకిచ్చేశా."

"బాగానే ఉంది. మరి మీకో?"

"నాకెందుకు?"

"ఎందుకేమిటి, తడిసి జలుబు తెచ్చుకుని నా ప్రాణం తియ్యడానికా!"

మళ్ళీ కాసేపు ఏమీ లేదు. ఇంకో విజిల్. నేను లేచి నూనె పెట్టాను.

"నీ చదువయ్యాక ఇన్‌ఛార్జి పోస్టు వస్తుంది కదా?" అన్నారు.

"రావాలి మరి. రేపు ఆ దిక్కుమాలిన సంభాషణ ఒకటి ఇవ్వగలిగితే."

"వస్తుందిలే. నీకూ అమ్మకీ లోటుండదు." ఒలిచిన వెల్లుల్లి గిన్నె తెచ్చి నా పక్కన పెట్టారు. "రోజంతా అందరి మాటలూ విని వస్తావు. అలిసిపోయుంటావు. పోనీలే." లోపలికి వెళ్ళిపోయారు.

పొయ్యి మీద కూర పెట్టి కలుపుతుంటే నాకు తట్టింది. ఇప్పుడు జరిగింది సంభాషణ కాకపోతే ఏమిటి? నా మతి మండా, అప్పుడు తట్టింది అదొక్కటే. వంట దించి బల్ల దగ్గర కూర్చుని గబగబా గడులు గీశాను. గంటలోపు రాయాలన్న నియమం కూడా పాటించాను. పేషెంటు, మగ, నలభై రెండేళ్ళు, బస్సు నడిపేవాడు, కొత్తగా చేరాడు. నా చదువు ప్రస్తావన ఒక్కటి వదిలేసి, మిగతాదంతా కూతలు లెక్క కలిపి ఒక్క మాట పొల్లుపోకుండా రాశాను. ఎవరిదో కాగితమన్న ధైర్యంతో మూడో గడి కూడా నిజాయితీగా నింపాను. 'విసుగు. రేపటి గడువు. చేతిలో పని ఆగిపోతోంది. ఆయన లేచి వెళ్ళిపోతే హాయిగా అనిపించింది.'

మర్నాడు పది గంటలకి ఇచ్చాను. పదకొండు దాటాక మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్తుంటే ఆయా వచ్చి మేడమ్ రమ్మంటున్నారని చెప్పింది. గదిలో ఆవిడ ముందు నా కాగితం ఉంది. పెన్సిల్ ముడిలోనే ఉంది, తీయలేదు.

"ఈ పేషెంటు ఏ బెడ్?"

"పదిహేడు మేడమ్."

"పదిహేడు ఖాళీ." కాగితం నా వైపు తిప్పి ఒక చోట వేలు పెట్టారు. "మన వార్డులో కుక్కర్ ఎక్కడుంది?"

నాకర్థం కాలేదు. ఆవిడ వేలు పెట్టిన చోట చూశాను. 'మౌనం, రెండు విజిల్స్' అని నా చేతిరాత. కింద, 'మౌనం, ఒక విజిల్'. వార్డులో గడియారం చూసి రాసే అలవాటు నాకు వంటింట్లో ఉండదు. అక్కడ నేను దేన్నైనా విజిల్స్‌తోనే కొలుస్తాను.

మొహం చెల్లలేదు. ఏడాది చదువు గంగలో కలిసిందనుకున్నాను. "క్షమించండి మేడమ్, తాతగారు వెళ్ళిపోయారు, గడువేమో..." అని ఏడుపు గొంతుతో మొదలుపెట్టాను.

"అది తర్వాత. ఇతను ఎవరు?"

"మా ఆయన."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"డ్యూటీలో."

"ఫోన్ చెయ్యి."

అప్పటికి కూడా నాకు తెలియలేదు. చేతిలోకి ఫోన్ తీసుకుంటూ మళ్ళీ కాగితం చూశాను. వానకోటు. మోటారు. తేలిగ్గా ఉంది. నా చేత్తో నేను రాసిన అక్షరాలు, ఒకదాని కింద ఒకటి, నాకు ఇరవైకి ఇరవై తెచ్చిపెట్టిన పాఠమే.

ఫోన్ అత్తయ్య ఎత్తింది. "వాడు ఫోను ఇక్కడే వదిలేసి పోయాడే. యూనిఫారం కూడా వేసుకోలేదు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను తింటున్నంతసేపూ నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. మొహం ఎంత తేటగా ఉందనుకున్నావు! ఎన్నాళ్ళకి చూశానో. ఏం, డబ్బా మర్చిపోయాడా?"

మేడమ్ లేచి వచ్చి నా నడుమున ఉన్న తాళాలగుత్తి తనే విప్పుకున్నారు. తాళాలు వార్డు దాటకూడదు. ఒక్కొక్కటే లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, "ఎక్కడుంటాడో నీకు తెలుసు. వెళ్ళు. ఓదార్చకు, అడుగు. అడిగాక నాకు ఫోన్ చెయ్యి," అన్నారు.

పాత మిల్లు మలుపు దగ్గర రోడ్డు వారగా ఒక కల్వర్టు గోడ ఉంది. ఆయన దాని మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. ఆటో దిగి నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు ఆయనకి వినబడే ఉంటుంది. తల తిప్పలేదు. పక్కన కూర్చున్నాను.

"డ్యూటీ లేదా నీకు?" అన్నారు.

"ఉంది."

ఒక బస్సు మా మీద నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. ఇంకొకటి పోయింది. అవి ఆ మలుపు తిరిగినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కుతోంది. నా నోటిదాకా ఎన్ని మాటలొచ్చాయో. మీ తప్పేం లేదు. మేమంతా లేమా. అమ్మని చూడండి. ఇంటికి పదండి. ఒక్కొక్కటే మింగాను. నా జీవితంలో అంత భయం అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను. అలవాటుగా గడియారం చూసుకున్నాను. పదకొండు నిమిషాలైంది.

"మీకు చచ్చిపోవాలని ఉందా?"

బుజ్జిని అడిగినప్పుడు వణకని గొంతు వణికింది.

ఆయన చాలాసేపు రోడ్డునే చూశారు. "ఊఁ," అన్నారు.

నేను కదల్లేదు.

"పొద్దున్నుంచి చాలా బస్సులు పోయాయి," అన్నారు. "ఈ రూటు మీద నడిపేవాళ్ళు అందరూ నాకు తెలుసు. ఒకడికి మొన్ననే పెళ్ళయింది. ఒకడి అమ్మ మంచంలో ఉంది. వాళ్ళలో ఎవడు మిగతా బతుకంతా నాలాగా బతకాలి? అదే తేలట్లేదు." కాసేపాగి, "వెళ్ళే ప్రతివాడూ నన్ను చూసి చెయ్యూపుతున్నాడు," అన్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అది ఓదార్పు కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు. అప్పుడే వచ్చిన బస్సు మమ్మల్ని చూసి, స్టాపు కాకపోయినా, ఆగింది. అది ఎక్కి ఆస్పత్రికి వెళ్ళాం.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని మా వార్డులో చేర్చుకున్నారు. ఇచ్చింది కిటికీ పక్క మంచం. నేను ఆ వార్డులో అడుగు పెట్టకూడదు, సొంతమనుషులున్న చోట విద్యార్థులకి పోస్టింగు ఉండదు. అయినా నాకు పోస్టింగే లేదు. "అబద్ధపు రికార్డు. రద్దు. వచ్చే వానాకాలం మళ్ళీ మొదటి నుంచి," అని మేడమ్ నా మొహం మీదే చెప్పారు. అదే రోజు నుంచి రోజూ గంటసేపు ఆయన దగ్గర ఆవిడే కూర్చున్నారు.

విషయం తెలిసి అత్తయ్య నా మీద ఒంటికాలి మీద లేచింది. "బంగారంలాంటి నా కొడుకుని పిచ్చాసుపత్రిలో పడేశావే! నీ చదువు తగలెయ్య!" అని ఇల్లెగరగొట్టింది. మర్నాటి నుంచి పొద్దున పదికల్లా వెళ్ళి వార్డు బయట బెంచీ మీద కూర్చునేది, సాయంత్రం ఐదుకి కానీ లేచేది కాదు. వారం తిరిగేసరికి ఆ బెంచీ మీదకొచ్చే తల్లులందరూ ఈవిడకే తమ గోడు చెప్పుకునేవాళ్ళు. ఇంటికొచ్చి అక్కడి టీని తిట్టిపోసేది.

ఒక సాయంత్రం తిట్లేమీ లేకుండా వచ్చి గడపలో కూలబడింది. "మోటారు వెయ్యడం నేర్పాడు చూడు," అంది. "వెయ్యమ్మా, ఆపమ్మా అని నాలుగుసార్లు చేయించాడు. నాకు వచ్చేసిందని చప్పట్లు కొట్టాను. వాడూ కొట్టాడే."

మీ తప్పు కాదత్తయ్యా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. చీకటి పడేదాకా ఇద్దరం లైటు కూడా వేసుకోలేదు. ఆ తర్వాత ఆవిడ బతికిన ఐదేళ్ళూ ఆ మోటారు స్విచ్చి ముట్టుకోలేదు. నీళ్ళు అయిపోతే అయిపోయాయని ఖాళీ బకెట్ ముందు కూర్చునేది.

ఆయన ఆరు వారాలకి ఇంటికొచ్చారు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. డిపోలో టైర్ల సెక్షనుకి మారారు. మందులు వేసుకుంటారు, మేడమ్ చెప్పిన రోజున వెళ్ళి కలిసేవారు, సినిమా పెడితే చూస్తారు, ఒక్కోసారి నవ్వుతారు కూడా. కానీ బస్సులో వెళ్తుంటే, ఎవరి పక్కన కూర్చున్నా సరే, మలుపు రాగానే కుడికాలు నేలని తొక్కుతుంది. ఆ ముసలామె మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. నేనెత్తలేదు, ఆయనెత్తలేదు. ముగ్గురం భోజనానికి కూర్చుంటే నలుగురున్నట్టుండేది. అత్తయ్య పోయాక ఇద్దరం కూర్చుంటే ముగ్గురున్నట్టుంది.

మరుసటి వానాకాలం నేను మళ్ళీ పన్నెండు రాసి గట్టెక్కాను. మేడమ్ రిటైరయ్యే రోజున నన్ను పిలిచి, ఆ పాత కాగితం చేతిలో పెట్టారు. నాలుగో గడిలో ఏం రాశారోనని అక్కడే విప్పి చూశాను. గడి మొత్తం ఖాళీ. పైన మాత్రం సన్నగా, 'ఇది నేను నింపేది కాదు' అని ఉంది. తెచ్చి బీరువాలో బట్టల కింద పెట్టాను. ఎన్నోసార్లు తీసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఏం రాసినా అది ఆయన కోసం కాక నా కోసమే రాసుకున్నట్టుండేది. మళ్ళీ మడిచి పెట్టేసేదాన్ని.

ఇదంతా జరిగి ఏడేళ్ళు. ఇప్పుడు మా కాలేజీలో పిల్లల నాలుగో గడులు నింపేది నేనే. ఈ వానలకి ముందు బీరువా సర్దుతుంటే ఆ కాగితం చేతికి తగిలింది. మడత నేను పెట్టినట్టు లేదు. విప్పి చూశాను. నాలుగో గడిలో నీలం ఇంకు, ట్రిప్ షీట్ల మీది గుండ్రటి చేతిరాత.

వానకోటు ఇచ్చేశానన్న చోట, 'ఎందుకిచ్చారు అని అడగాల్సింది' అని రాశారు. తేలిగ్గా ఉందన్న చోట, 'నా మొహం చూడాల్సింది'. అలిసిపోయుంటావు పోనీలే అన్న చోట, అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి. 'వెళ్ళనివ్వకూడదు. స్టవ్ కట్టేసి కూర్చోవాల్సింది. ఏమీ అనక్కర్లేదు.'

అన్నిటికంటే పైన, ఆమె చెయ్యెత్తింది అన్న మాటకెదురుగా మాత్రం ఏమీ రాయలేదు. పెన్ను చాలాసేపు ఆనించి తీసిన చుక్క ఒకటుంది.

అలాగే మడిచి, ఎక్కడిది అక్కడే పెట్టాను. వంటింట్లోకి వెళ్ళాను. కుక్కర్ ఒక విజిల్ వేసింది. ఆయన గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. నేను స్టవ్ కట్టేశాను.

"ఇంకా ఉడకలేదు," అన్నారు.

"పోనీండి."

ఇంకో పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన నా వైపు చూశారు, స్టవ్ వైపు చూశారు. మళ్ళీ తలొంచుకుని ఒలవడం మొదలుపెట్టారు. కుక్కర్‌లో ఆవిరి అంతా దిగిపోయింది. బయట వాన ఆగి, మళ్ళీ మొదలైంది. ఎంతసేపైందో నేను కొలవలేదు.

"ఆమె చెయ్యెత్తింది," అన్నారు.